దేవుని గురిగిలో తాలు

మా ఇంట్లో పొయ్యి పక్కన ఎప్పుడూ రెండు కుండలుండేవి. ఒకటి మేం జొన్న గట్క వండుకునేది. రెండోది దేవునిది. దాన్ని దేవుని గురిగి అనేవాళ్లం. గురిగి అంటే ఏమంత పెద్దది కాదు, రెండు చేతుల్లో ఇమిడే మట్టిముంత, పైన ఒక చిప్ప మూత. పొద్దున్నే విసుర్రాయిలో గింజలు పోసే ముందు వాటిలోంచి పిడికెడు తీసి, కళ్లు మూసుకొని ప్రభువును తలచుకొని, ఆ గురిగిలో వేయాలి. జొన్నలుంటే జొన్నలు, కొర్రలుంటే కొర్రలు, ఎప్పుడైనా నూకలు దొరికితే నూకలు. మనం ఏం తింటే అదే వేయాలి, తిననిది వేయకూడదు. అదొక్కటే దానికి నియమం.

ఆ గురిగి విషయంలో నేను రెండుసార్లు తప్పు చేశాను. మొదటిసారి పదకొండేళ్ల పిల్లను. రెండోసారి ఒక బిడ్డకు తల్లిని. రెండోదాని సంగతి చెప్పాలనే కూర్చున్నాను గానీ, మొదటిది చెప్పకపోతే అది అర్థం కాదు.

మాది ఎల్లారెడ్డి దిక్కున ఒక పల్లె. ఊరి బయట మా వాడ. మా బాపు పెళ్లికి ముందు పోచారం చెరువు కట్ట మీద మట్టి మోసే పనికి పోయాడట. అక్కడ పగలంతా మట్టి మోసి సాయంత్రం ప్రభువు పాటలు పాడుకునే ఒక గుంపు ఉండేది. పాట బాగుందని బాపు వాళ్ల దగ్గర కూర్చున్నాడు, కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు అని మా అవ్వ, అంటే మా అమ్మ, నవ్వుతూ చెప్పేది. బాప్తిస్మం తీసుకొని ఊరికి వచ్చాక, ఊరి జాతరకు డప్పు కొట్టనన్నాడు. డప్పు మా ఇంటికి తాతల నాటి నుంచి వచ్చిన పని. ఆ పనికి గాను ప్రతి కల్లం నుంచీ మాకు ఏటా ఇన్ని గింజలు వచ్చేవి. డప్పు ఆగింది, గింజలూ ఆగాయి. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు మా పండుగకు రాకపోతివి, మా కల్లంకాడికి ఎందుకొస్తవ్?" అన్నారు, అంతే.  అప్పటి నుంచి మా ఇంట్లోకి వచ్చిన ప్రతి గింజా కైకిలికి పోయి, కూలి కింద తెచ్చుకున్నదే.

అయినా అవ్వ గురిగి ఆపలేదు. రోజూ నా చేతనే వేయించేది. నేను గడుసుదాన్ని. పిడికిలి వదులుగా మూసి, పైకి నిండుగా కనిపించేట్టు పట్టుకునేదాన్ని. అవ్వకు తెలిసిపోయేది. నా పిడికిలిని తన చేత్తో నొక్కేది.

"పిడికిట్ల గాలి పట్టకే, గింజలు పట్టు. దేవునికి గాలి పెడ్తవా?" అనేది.

నాకు పదకొండేళ్లప్పుడు మా ఊళ్లో గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒక్క పూటలో మనిషి పోయేవాడు. పొద్దున నీళ్లకు పోయిన అవ్వ సగం దారిలో కడవ దించి అక్కడే కూర్చుండిపోయింది. బాపు ఎత్తుకొచ్చి మంచంలో పడుకోబెట్టి మందు కోసం పరుగెత్తాడు. ఆ పూట వంట నా మీద పడింది. విసుర్రాయి ముందు కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. డప్పు పోయింది, గింజలు పోయాయి, ఇప్పుడు అవ్వ కూడానా? ఇంకా నీకెందుకు పెట్టాలి అని గురిగి వైపు చూసి పైకే అన్నాను. పెట్టలేదు. ఉన్న గింజలన్నీ విసిరి అంబలి కాచాను.

మంచం మీది నుంచి అవ్వ సన్నటి గొంతుతో అడిగింది.

"దేవుని పిడికెడు పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన" అన్నాను.

పొద్దుగూకేసరికి అవ్వ పోయింది.

గత్తర ఆ ఊరందరినీ పట్టింది, గురిగి ఉన్న ఇండ్లనూ లేని ఇండ్లనూ. అది నాకూ కనిపిస్తూనే ఉంది. కానీ పదకొండేళ్ల పిల్లకు అట్లాంటివి ఎక్కుతాయా? పిడికెడు జొన్నలు పెట్టనందుకు, పైగా అబద్ధం ఆడినందుకు దేవుడు మా అవ్వను తీసుకుపోయాడని మనసులో నాటుకుపోయింది. బాపుకు చెప్పలేదు. వాక్యం చెప్పడానికి వచ్చే పంతులుకు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా పిడికెడు తప్పలేదు, పిడికిట్లో గాలి పట్టలేదు. ఈ పిల్లకు ఎంత భక్తి అని వాడలో ఆడవాళ్లు మెచ్చుకునేవాళ్లు. నా తలకాయ భక్తి! అది భయం. ఈసారి ఎవరిని తీసుకుపోతాడో అన్న భయం.

నాలుగేళ్ల తర్వాత నాకు పెళ్లి చేసి కామారెడ్డి దిక్కు పంపారు. ఎల్లారెడ్డి నుంచి ఆ ఊరికి తెల్లవారుజామున బయలుదేరితే నడిచి చేరేసరికి పొద్దు గూకింది. రైలు కూత వినిపించే ఊరు. రోజుకు రెండుసార్లు అది కూస్తే, అబ్బ, నేను పట్నం దగ్గరికి వచ్చానని మురిసిపోయాను. ఆ మురిపెం ఎన్నాళ్లో ఉండలేదు. పెళ్లయిన మరుసటేడు బాపు పోయాడు. అత్తమామలు నేను రాకముందే పోయారు. ఇక నాకు అటు ఎవరూ లేరు, ఇటు మా ఇంటాయన ఒక్కడే.

ఆయన మంచివాడు. నాకు కోపమొస్తే నవ్వేవాడు. "నీ కోపం పొయ్యిల పెడితే అంబలి కాగుతదే, కట్టెలెందుకు మనకు?" అనేవాడు. దాంతో నాకు ఇంకా కోపమొచ్చేది. ఆయన ఇంకా నవ్వేవాడు. ఇప్పుడు చెప్పుకుంటే ఇంతే, కానీ అప్పట్లో అదే నా సంసారం, అదే నా సంతోషం.

ఆ ఊళ్లో మా సంఘం అంటే పన్నెండు ఇండ్లు, గడ్డి కప్పిన ఒక పాక. దాన్నే గుడి అనేవాళ్లం. అక్కడ కూడా ఇంటింటికీ గురిగి ఉండేది. నెల చివరి ఆదివారం ఆరాధన కాగానే మా పెద్దవ్వ ఇల్లిల్లూ తిరిగి గురుగులు కుమ్మరించుకొని పోయేది. పెద్దవ్వ అంటే మా చుట్టమేం కాదు. భర్త పోయి, పిల్లలు లేక, ఒంటరిగా గుడి పక్క గుడిసెలో ఉండే ముసలామె. వాడంతా ఆమెను పెద్దవ్వా అనే పిలిచేది. భుజాన ఒక గోనెసంచి, నెత్తి మీద ఒక చాట. ఎండకు చాట అడ్డం పెట్టుకుంటుందని మేమంతా నవ్వుకునేవాళ్లం. "పెద్దవ్వ గొడుగొచ్చింది, గురుగులు తియ్యుండ్రి" అని ఆడవాళ్లు కేకలేసుకునేవాళ్లు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరు గురిగి కుమ్మరిస్తున్నా అందులోకి చూసేది కాదు. సంచి నోరు తెరిచి పట్టుకొని మొహం అటు తిప్పుకునేది. ఏంది పెద్దవ్వా అంటే, "ఎండ కండ్లల్ల కొడ్తుందే" అనేది. పన్నెండు ఇండ్ల గింజలూ ఒక్క సంచిలోనే పడేవి. వాటిని ఆమె, నెలకోసారి వచ్చే పంతులూ మాట్లాడుకొని, ఆ నెల ఏ ఇల్లు బాగా ఇబ్బందిలో ఉందో ఆ ఇంటికి ఇచ్చేవాళ్లు. ఎవరికి ఇచ్చారో గుడిలో చెప్పేవాళ్లు కాదు. అయినా పన్నెండు ఇండ్ల వాడలో దాగేదేముంటుంది?

నిజం చెప్తున్నాను, ఆ సంచి మా గడపకు రావద్దు దేవా అని ప్రతి ఇంట్లోనూ మొక్కుకునేవాళ్లం. పెట్టడానికి అందరం ముందుండేవాళ్లం. తీసుకోవడమంటే తల కొట్టేసినట్టుండేది. మాకు గింజలు కావాలని నోరు తెరిచి అడిగిన మనిషిని ఆ వాడలో నేను చూడలేదు. ఊరి నుంచి వచ్చే గింజలు వదులుకొని ఈ దారికి వచ్చిన కుటుంబాలు కదా అవన్నీ. ఒకరి ముందు చేయి చాచకూడదన్న పట్టుదల మాలో ఎముకల్లోకి దిగిపోయింది. అదే మా కొంప ముంచింది.

లడాయి మొదలైందని, ఎక్కడో తెల్లదొరలు కొట్టుకుంటున్నారని కామారెడ్డి బజారులో చెప్పుకునే రోజులు. ఆ ఏడు వానలు ముందు ఊరించి, పొట్ట దశలో మొహం చాటేశాయి. వరి కంకి వేసింది గానీ పాలు పోసుకోలేదు. మా ఇంటాయన ఒక మేస్త్రీ వెంట మరాఠా దేశం దిక్కు చెరుకు కొట్టడానికి పోయాడు. పోతూ మా బిడ్డను ఎత్తుకొని గాలిలోకి ఎగరేసి పట్టుకున్నాడు. దానికి అప్పటికి మూడేళ్లు.

"క్రిస్మస్ పండుగ కల్లా వస్త. అప్పటిదాంక జెర కోపం తగ్గించుకో. కైకిలి ఇచ్చేటోళ్లతోని కొట్లాట పెట్టుకోకు" అన్నాడు.

"నేను ఎవ్వల్తోని కొట్లాడుతున్న? నువ్వు నిమ్మలంగ పోయిరా" అని కసిరాను. ఆయనతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే, కసరడం.

నేను పటేలు ఇంట్లో కైకిలికి పోయేదాన్ని. ఆ ఏడు కల్లంలో వడ్లు తూర్పారబడితే వడ్ల కుప్ప కంటే తాలు కుప్పే ఎత్తుగా లేచింది. తాలు అంటే పైకి వడ్లగింజలాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు, ఉత్త పొట్టు. చాటతో చెరిగితే ఎగిరిపోతుంది. పటేలమ్మ కల్లం చూసి కళ్ల నీళ్లు పెట్టుకుంది. మా కూలీలకు కొలిచి ఇవ్వడానికే ఆమెకు చేతులు రాలేదు. "పొయ్యిలకన్న పనికొస్తది, తీసుకపోండ్రే" అని తలా ఒక గంపెడు తాలు ఇచ్చింది. నేను తెచ్చి ఇంటి మూలన పోశాను.

క్రిస్మస్ వచ్చింది, పోయింది. ఆయన రాలేదు. రోడ్డు మీదికి చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. తర్వాత వారానికి ఆ గుంపులో పోయిన ఒకతను ఒక్కడే వచ్చాడు. నన్ను చూసి తల వంచుకున్నాడు.

"చలిజరం వచ్చింది చెల్లె. నడవలేకపోయిండు. తొవ్వల ఒక ధర్మశాలల పండవెట్టి వచ్చినం. మంచిగైనంక వస్తనన్నడు. మళ్ల నేను ఎనుకకు తిరిగి పోయి చూస్తే ఆడ లేడు."

"లేడంటే?"

"లేడు చెల్లె. ఎవ్వలను అడిగినా తెల్వదన్నరు."

"మనిషా, మూటనా, తొవ్వల దించి వచ్చెతందుకు?" అని అతని మీద పడ్డాను. పక్కింటివాళ్లు పట్టుకొని లోపలికి తెచ్చారు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు? అతనికీ అప్పుడు జ్వరమే.

ఆ వారమే బిడ్డకు జ్వరం మొదలైంది. ఒకరోజు వచ్చేది, ఒకరోజు తగ్గేది. తగ్గిన రోజు ఆకలి అని ఏడ్చేది. పెట్టడానికి ఇంట్లో పూటకో బుక్కెడు అంబలి. దాని చేతులు సన్నబడి, కడుపు ముందుకొచ్చి, నేను చూస్తుండగానే పిల్ల కరిగిపోతోంది. జొన్న కోతలు మొదలైతే గింజలు దొరుకుతాయి. కోతలకు ఇంకా నెలన్నర ఉంది. ఆ నెలన్నర దాన్ని బతికించుకోవాలి. నాకు అప్పుడు లోకంలో ఇంకో పని లేదు.

బిడ్డను చంకనేసుకొనే పటేలు ఇంటికి దంపుడు పనికి పోయాను. పటేలమ్మ చెడ్డమనిషి కాదు. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి అయ్యో అంది.

"నా మాట ఇనే పిల్లా. ఒక్కసారి పోచమ్మ తల్లికి బోనం చేస్తనని మొక్కుకో. నేను దగ్గరుండి చేపిస్త. బియ్యం గూడ నేనే ఇస్త. ఆ తల్లి సల్లగ చూస్తది."

ఆమె మనసులో ఏ కపటమూ లేదు. తనకు తెలిసిన మంచి చెప్పింది. మర్యాదగా, వద్దమ్మా అంటే సరిపోయేది. నేనేం చేశాను? రోకలి అవతల పారేసి నోరు పారేసుకున్నాను.

"మా బాపు డప్పు ఇడ్సిపెట్టిండు. మా అవ్వ సచ్చిపోయింది. నా మొగడు యాడున్నడో తెల్వదు. గింత పోగొట్టుకొని పట్టుకున్న దేవుణ్ణి నీ పిడికెడు బియ్యానికి ఇడ్సిపెడ్తనా? మా దేవుడే మాకు పెడ్తడు. నీ బియ్యం నువ్వే వండుకో!"

పటేలమ్మ మొహం ఎర్రబడింది. పనివాళ్లంతా చూస్తున్నారు.

"గట్లనే కానీ. మీ దేవుడు పెడితె తిను. ఇగ నా వాకిట్లకు రాకు" అంది.

ఇంటికి వచ్చేదాకా నేను ప్రభువు కోసం నిలబడ్డానని తల ఎత్తుకొని నడిచాను. ఇంటికి వచ్చి, ఖాళీ గంప చూసి, కూలబడ్డాను. నిలబడింది విశ్వాసం కాదు, నా పొగరు. ఆమె మొక్కు అనగానే నాకు అవ్వ గుర్తొచ్చింది, దేవునికి కోపమొస్తే ఈసారి బిడ్డను తీసుకుపోతాడని వణుకు పుట్టింది, ఆ వణుకు తిట్లయి బయటికొచ్చింది. కరువు ఏడు కనుక ఇంకో ఇంట్లో పని లేదు. అడవికి పోయి ఆకు తెచ్చి ఉడకబెట్టాను. పిల్ల నోట్లో పెడితే ఉమ్మేసింది. పక్కింటామె రెండుసార్లు అంబలి ఇచ్చింది. మూడోసారి ఆమె పిల్లలు ఆ ముంత వైపు చూసిన చూపు చూసి, మాకు ఉన్నాయి వదినా అని అబద్ధం చెప్పి పంపేశాను.

నాలుగో రోజు పొద్దున పిల్ల ఏడవడం కూడా మానేసింది. కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. పొయ్యి పక్కన దేవుని గురిగి ఉంది. ఆ నెలలో అప్పటిదాకా రోజూ వేసిన పిడికెళ్లతో సగానికి పైగా నిండి ఉంది.

ఎంతసేపు దాని ముందు కూర్చున్నానో తెలియదు. పెట్టకపోతేనే అవ్వను తీసుకుపోయినవాడు, పెట్టింది తిరిగి తీసుకుంటే ఊరుకుంటాడా? తీసుకోకపోతే బిడ్డ ఆకలితో పోతుంది, తీసుకుంటే దేవుని కోపంతో పోతుంది. ఆఖరికి, "కొడితే నన్ను కొట్టు, దీని జోలికి రాకు" అని చిప్ప తీశాను. పిడికెడు తీస్తుంటే సగం గింజలు నేలపాలయ్యాయి. ఒక్కొక్కటీ ఏరాను. జావ కాచి చెంచాడు చెంచాడు పోశాను. పోసి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూ కూర్చున్నాను.

బిడ్డ చనిపోలేదు. మరునాడు ఇంకో పిడికెడు తీశాను. అది కొంచెం కళ్లు తిప్పింది. ఇంకో పిడికెడు. పదిరోజుల్లో గురిగి అడుగంటింది. దగ్గర్లో నెల చివరి ఆదివారం ఉంది.

ఎవరికీ చెప్పకుండా ఉండాలంటే ఒక్కటే దారి కనిపించింది. మూలన తాలు ఉంది కదా. దాన్ని గురిగి నిండా పోసి, చివరికి మిగుల్చుకున్న రెండు పిడికెళ్ల జొన్నలు పైన పరిచాను. పైకి చూస్తే నిండు గురిగి. ఆ ఆదివారం ఆరాధన కాగానే అందరికంటే ముందు ఇంటికి వచ్చేశాను. పెద్దవ్వ చాట నెత్తిన పెట్టుకొని మా గడప ముందుకు రాగానే, నేనే గబగబా గురిగి తెచ్చి సంచిలో కుమ్మరించాను. ఆమె మామూలుగానే మొహం అటు తిప్పుకుంది.

"పిల్లకు ఎట్లున్నదే?" అని అడిగింది.

"మంచిగనే ఉంది పెద్దవ్వా" అన్నాను. అవ్వకు చెప్పినట్టే.

లోపలికి వచ్చి చూస్తే రెండు కుండలూ ఖాళీ. ఆ పూటకు జొన్న గింజ లేదు. ఇక తీసుకోవడానికి దేవుని దగ్గర కూడా ఏమీ లేదు. ఆ రోజు నేను ప్రార్థన చేయలేదు. ఏ మొహంతో చేస్తాను?

సోమవారం మధ్యాహ్నం వాడంతా పనులకు పోయిన వేళ పెద్దవ్వ వచ్చింది. ఆయాసపడుతూ భుజం మీది సంచి గడపలో దించింది.

"ఈ నెల నీకే బిడ్డా. పిల్లకు జావ కాసిపెట్టు."

నేను సంచి విప్పి అడుగుదాకా చెయ్యి పెట్టాను. చిన్నప్పటి నుంచీ చెరిగిన చేతులు ఇవి, తాలు ఏదో గింజ ఏదో కళ్లు మూసుకొని చెప్తాయి. జొన్నలు, కొర్రలు, నూకలు, సజ్జలు. ఒక్కటంటే ఒక్క తాలు లేదు. నేను పోసిన గురిగెడు తాలు ఏమైంది? చెరిగేసింది. అంటే నా దొంగతనం తెలిసింది. తెలిసీ, శుభ్రం చేసి, తిరిగి నాకే తెచ్చి నన్ను సిగ్గుతో చంపడానికి వచ్చింది. దండం పెట్టాల్సిన చోట నాకు ఒళ్లు మండింది.

"ఎగతాళి చెయ్యనీకి వచ్చినవా పెద్దవ్వా? నేను దొంగదాన్నని అందరి ముంగట్నే అనకపోయినవా? గురిగి నిండ తాలు పోసిందని గుడిల చెప్పకపోయినవా?"

పెద్దవ్వ నన్ను తేరిపార చూసింది.

"నువ్వా?" అంది.

"నీకు తెల్వదా?"

"నాకెట్ల తెలుస్తదే? అన్ని ఇండ్లయి ఒక్క సంచిలనేనాయె. ఎవ్వలయి ఎవ్వలయో నేను చూస్తనా?"

నా నోటితో నేనే చెప్పుకున్నాను! ఇంత బతుకు బతికి, నా కోపమే నన్ను పట్టించింది. అక్కడే గడపలో కూర్చొని భోరుమన్నాను. మొత్తం చెప్పేశాను. తాలు సంగతే కాదు, పదకొండేళ్లప్పుడు పెట్టని పిడికెడు సంగతి, అవ్వతో ఆడిన అబద్ధం సంగతి, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది. నేను ఏడుస్తూ చెప్తుంటే ఆమె ఊరికే కూర్చోలేదు. పొయ్యి అంటించింది, ఎసరు పెట్టింది, విసుర్రాయి తన దిక్కు లాక్కుంది.

"మీ అవ్వ సచ్చింది గత్తరతోని" అంది విసురుతూనే. "పిడికెడు జొన్నలకు మనిషిని పట్కపోతడానె దేవుడు? గసొంటోడైతే గిన్నేండ్ల సంది ఆయన ఎంబడి నేనెందుకు పడ్త? నాకేం పనిలేదా?"

"మరి దేవుని గింజలు తింటినిగదా?"

"ఆయన తింటడానే జొన్నలు? ఆకలైనోళ్లయే గవి. నోరు తెరిచి అడిగితే ఇంకిన్ని ఇద్దును. అడుగుడు సిగ్గయింది, దొంగతనం సిగ్గు కాలేదు నీకు."

ఆ మాట సూటిగా తగిలింది. "మరి నా తాలు ఏం చేసినవ్?" అని అడిగాను.

"పొయ్యిల ఏసిన. మంచిగ మండినయ్."

ఏడుపులో నవ్వొచ్చింది. ఎన్ని రోజులకు నవ్వానో. ఆమె జావ కాచి పిల్లకు తానే తాగించింది. విసరని గింజలు చాటలో మిగిలాయి. నేను అలవాటుగా పిడికెడు తీశాను. తీసిన పిడికిలి తెరుచుకోలేదు.

"బుగులైతుంది పెద్దవ్వా. ఇప్పుడు పెడితే బిడ్డ కోసం మొక్కు చెల్లిచ్చినట్టు, పెట్టకుంటే మళ్ల ఏమైతదో..."

"పెట్టకు మరి. ఎవ్వలన్న కొట్టవచ్చిండ్రా?" అంది ఆమె, గిన్నె గీకుతూ.

ఆమె పోయాక చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. బిడ్డ కడుపు నిండి నిద్రపోయింది. దేవునికి పెట్టాకే మనం తినాలని అవ్వ నేర్పింది. ఆ రోజు బిడ్డ ముందు తిన్నది. ఆ తర్వాతే నేను గురిగి చిప్ప తీసి పిడికెడు వేశాను. ఎవరినీ తీసుకుపోవద్దని అడగలేదు. ఏమీ అడగలేదు. అవ్వ పోయాక నేను భయం లేకుండా వేసిన మొదటి పిడికెడు అదే.

బిడ్డ లేచి తిరగడానికి మూడు వారాలు పట్టింది. జొన్న కోతలు వచ్చాయి. నేనే పోయి పటేలమ్మ వాకిట్లో నిలబడ్డాను. ఆమె అరుగు మీది నుంచి ఎగాదిగా చూసింది.

"ఏమే, మీ దేవుడు పెట్టిండా?"

"పెట్టిండమ్మా. నేనే నోరు జారిన. మనసుల పెట్టుకోకు."

ఆమె లోపలికి పోయి చిన్న బెల్లం ముక్క తెచ్చి పిల్ల చేతిలో పెట్టి, "పొద్దుగాల రా, ఆలస్యం చేస్తె ఊకోను" అంది.

మా ఇంటాయన మాత్రం రాలేదు. ఆ వేసవికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. రైలు కూసినప్పుడల్లా గడపలోకి వచ్చి రోడ్డు వైపు చూసేదాన్ని. బతికి ఉన్నాడని బొట్టు ఉంచుకోవాలో, లేడని తుడుచుకోవాలో చెప్పేవాళ్లు లేరు. దేవుడా, ఇది మాత్రం ఎందుకు చెప్పవు అని ఎన్ని పొద్దులు పోట్లాడానో. జవాబు రాలేదు. పోట్లాట మానలేదు, పిడికెడూ మానలేదు. బతుకు అట్లాగే గడిచింది.

నేను తాలు పోసిన తర్వాతి నెల చివరి ఆదివారం మబ్బు పట్టి ఉంది. పెద్దవ్వ సంచితో మా గడప ముందుకు వచ్చింది. నేను గురిగి తెచ్చి, సంచిలో పోయకుండా ఆమె మొహం ముందు పెట్టాను.

"చూడు పెద్దవ్వా, అడుగుదాంక జొన్నలే. ఇగ నీకు చాటతోని పనిలేదు."

ఆమె నెత్తి మీది చాట సర్దుకొని, పండ్లు లేని నోటితో నవ్వింది.

"ఏమే, గీ చాట నీ ఒక్కదాని కోసమే మోస్తున్ననా ఏంది?"

అని, పక్కింటికి నడిచింది. నేను గడపలోనే నిలబడిపోయాను. ఎండ లేదు. అయినా ఆమె నెత్తిన చాట ఉంది. నాకు రెండుసార్లు అంబలి పోసిన పక్కింటామె గురిగి తెచ్చి, గబగబా, తొందర తొందరగా సంచిలో కుమ్మరించింది. పెద్దవ్వ మొహం అటు తిప్పుకుంది. నేను కూడా తిప్పుకున్నాను.